సింగపూర్‌లో పిల్లల దగ్గిరికి పోయే పెద్దవాళ్ళకి పికిల్‌బాల్ ఆట ఎట్టా దొరుకుతుంది?

కావలి మాస్టారు అడిగింది ఇది. నవంబరులో నెల రోజులు సింగపూర్‌లో కూతురి దగ్గిరికి, సెంగ్‌కాంగ్‌కి పోతున్నారు. వయసు అరవై దాటింది. చదువుకునే రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడారు, ఇప్పుడు పొద్దున్నే షటిల్ ఆడతారు, ఈ మధ్య నెల్లూరొచ్చినప్పుడు కొన్నిసార్లు పికిల్‌బాల్ రుచి చూశారు. షటిల్ కోర్టంత చోటులో, గట్టి బ్యాట్‌తో రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతిని నెట్ మీదుగా కొట్టే ఆట అది. అక్కడ ఎవరూ తెలీదు. కోర్టు దగ్గిర పోయి నిలబడితే ఆడనిస్తారా, ముందే బుక్ చేసుకోవాలా, బ్యాట్ ఇక్కణ్ణించే తీసుకుపోవాలా, వాళ్ళావిడ కూడా రావచ్చా అని ఆయన సందేహాలు.

మాస్టారూ, ఆడనిస్తారు. నేను సింగపూర్‌లో చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను, అక్కడ కొత్తవాళ్ళకి ఆటలు నడిపే గుంపులో పనిచేశాను, ఇప్పుడు నెల్లూరులో ఆడుతున్నాను. మన వైపు నుంచి పిల్లల దగ్గిరికి వచ్చిన పెద్దవాళ్ళు ఎక్కడో పదకొండో అంతస్తులో టీవీ ముందు కూర్చుని నెలంతా వెళ్ళబుచ్చుతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. లిఫ్టు దిగితే కింద ఆట జరుగుతుంటుంది. పిల్లలు ఆఫీసుకి పోతారు, వీళ్ళకి చెప్పేవాళ్ళుండరు. అందుకే వివరంగా రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. అక్కడ కోర్టు కనపడటం తేలిక, ఆ గంటకి ఆ కోర్టు ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడమే అసలు పని. మన ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనో, ఏ కాలేజీ గ్రౌండులోనో పొద్దున ఆరింటికి ఎప్పుడూ వచ్చే బ్యాచ్ ఒకటి ఉంటుంది. వాళ్ళలో పెద్దాయన దగ్గిరికి పోయి "అన్నా, ఒక గేమ్ ఆడొచ్చా" అంటే సరిపోతుంది. సింగపూర్‌లోనూ ప్రతి గంటకీ అట్టాంటి మనిషి ఒకడుంటాడు. ఎక్కువసార్లు అతను ముందు ఫోనులో దొరుకుతాడు, ఆ తర్వాతే కోర్టులో.

రీక్లబ్ అనే యాప్ మీ ఫోనులో వేయించుకోండి. అక్కడ పికిల్‌బాల్ ఆడేవాళ్ళు చాలామంది దాన్నే చూస్తారు. అందులో గుంపులుంటాయి, ఒక్కో గుంపుని నడిపే హోస్టు ఉంటాడు. ఫలానా రోజు, ఫలానా హాలు, ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా, ఇన్ని కోర్టులు, ఇంతమంది, ఫలానా స్థాయి, మనిషికి ఇంత అని అతను పెడతాడు. మీరు చేరతానని నొక్కితే చోటు మీది. నిండిపోతే వెయిటింగ్ లిస్టులో పెట్టుకోండి, ఆఖరి రోజు ఎవరో ఒకరు తప్పుకోవడం మామూలే. డబ్బు సాధారణంగా పేనౌ ద్వారా పంపమంటారు. అది అక్కడి బ్యాంకు ఖాతాతో నడిచేది కాబట్టి మీ అమ్మాయి చేత కట్టించండి. పేరిచ్చి ఆఖరి గంటల్లో మానుకుంటే చాలా గుంపుల్లో డబ్బు వెనక్కి రాదు. డబ్బు పోయినదాని కన్నా మాట పోవడం పెద్ద నష్టం. నలుగురు కావాల్సిన ఆటకి ముగ్గురే మిగిలితే ఆ హోస్టు మళ్ళీ మీ పేరు చూసినప్పుడు ఆలోచిస్తాడు.

చేరే ముందు హోస్టుకి చిన్న మెసేజ్ పెట్టండి. ఇండియా నుంచి వచ్చాను, నెల రోజులుంటాను, వయసింత, షటిల్ బాగా ఆడతాను, పికిల్‌బాల్ కొత్త, మీ ఆటకి నేను సరిపోతానా, అంతే. ఈ నాలుగు ముక్కలు రాసిన మనిషిని నేనున్న గుంపులో ఎప్పుడూ వద్దనలేదు. ఏమీ చెప్పకుండా వచ్చినవాళ్ళని ఎక్కడ ఆడించాలో తేలక ఇబ్బంది పడేవాళ్ళం.

ప్రభుత్వం వారి యాక్టివ్ఎస్‌జీ హాళ్ళు ఊరంతా ఉన్నాయి, సెంగ్‌కాంగ్ స్పోర్ట్స్ సెంటర్‌లో కూడా ఒకటుంది. వాటి బుకింగ్ అక్కడివాళ్ళ గుర్తింపు ఖాతాతో జరుగుతుంది, కాబట్టి విజిటర్‌గా పోయిన మనం సొంతంగా చేసుకునే పని పెట్టుకోకూడదు. అమ్మాయో అల్లుడో బుక్ చేసి మీతో కూడా వస్తే సరి. పనిరోజుల్లో పగటిపూట రేటు తక్కువ, ఖాళీ ఎక్కువ. కమ్యూనిటీ క్లబ్బులనీ ఇంకొకటుంది, పేటకొకటి చొప్పున దీవి మొత్తం మీద నూటికి పైగా ఉన్నాయి. షటిల్ హాలు ఉన్న క్లబ్బుల్లో చాలాచోట్ల పికిల్‌బాల్ కూడా ఆడతారు. నేరుగా పోయి కౌంటర్‌లో "పికిల్‌బాల్ ఆడే గ్రూప్ ఉందా, ఏ రోజు, ఎవరిని కలవాలి" అని అడగండి. రిటైరైన వాళ్ళు పగలు ఆడే గుంపులు ఇట్టా అడిగితేనే బయటపడతాయి, యాప్‌లో కనపడవు. కాండో అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్ల సముదాయం, అందులో ఉండే కోర్టులు మాత్రం ఆ కాండో వాళ్ళకీ వాళ్ళ అతిథులకీ మాత్రమే. లోపలివాళ్ళు పిలిస్తే తప్ప అటు చూడొద్దు.

ఇక నాకు బాగా ఇష్టమైనది, బ్లాకుల కింద ఉండే కోర్టు. ఆ దేశంలో నూటికి డెబ్బై అయిదు మందికి పైగా ప్రభుత్వ హౌసింగ్ బోర్డు ఫ్లాట్లలోనే ఉంటారు. ఆ బ్లాకుల మధ్య సిమెంటు నేల పరిచిన హార్డ్ కోర్టులుంటాయి. డబ్బు కట్టే పని లేదు, ఎవరు ముందొస్తే వాళ్ళది. చాలాచోట్ల ఎవరో ఒకరు మడత నెట్ తెచ్చి వేస్తారు. ఆ నెట్ తెచ్చిన మనిషే ఆ గంటకి పెద్ద. అతని దగ్గిరికి పోయి, జరుగుతున్న గేమ్ అయిందాకా ఆగి, నవ్వుతూ అడగండి. అక్కడ పెద్దవాళ్ళని అందరూ అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు, చైనా వాళ్ళయినా మలయ్ వాళ్ళయినా. "అంకుల్, యు ప్లే?" అని వాళ్ళే ముందు అడిగినా అడుగుతారు. తమిళం అక్కడ నాలుగు అధికార భాషల్లో ఒకటి. గూడూరు, సూళ్ళూరుపేట వైపు తిరిగి నాలుగు తమిళం ముక్కలు పట్టుకున్నవాళ్ళకి అది కూడా పనికొస్తుంది.

ఈ బ్లాకు కోర్టులతో ఒక సున్నితమైన వ్యవహారం ఉంది. ప్లాస్టిక్ బంతి గట్టి బ్యాట్‌కి తగిలితే వచ్చే టకటక శబ్దం పైన పదో అంతస్తు దాకా వినపడుతుంది. చంటిపిల్లలు, నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాళ్ళు, పరీక్షలకి చదువుకునే పిల్లలు అదే బ్లాకులో ఉంటారు. దీని మీద ఫిర్యాదులు చాలా వచ్చాయి, కొన్నిచోట్ల ఆ బ్లాకుల బాగోగులు చూసే టౌన్ కౌన్సిళ్ళు ఆట వేళలు తగ్గించాయి. కంచె మీద బోర్డు ఉంటే చదివి ఆ వేళ దాటకుండా ఆడండి. మెత్తటి ఫోమ్ బంతితో ఆడదామని ఎవరన్నా అంటే సంతోషంగా ఒప్పుకోండి. ఇంకొకరి నిద్ర చెడగొట్టి ఆడుకునే హక్కు మనకెక్కడా లేదు, అతిథిగా పోయిన చోట అసలే లేదు. ఇక్కడ మన మాగుంట లేఅవుట్‌లో ఇంటి పక్కనే కోర్టు వేసుకోవాలనుకునేవాళ్ళకీ నేను ఇదే చెబుతున్నా.

స్థాయి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన షటిల్, బాల్ బ్యాడ్మింటన్ ఆటగాళ్ళు ఇక్కడే తడబడతారు. ఆటల ప్రకటనల్లో నావిస్, బిగినర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని రాస్తారు. కొందరు డూపర్ అనే రేటింగ్ అడుగుతారు. అది 2 నుంచి 8 దాకా ఉండే అంకె, ఆడిన మ్యాచ్‌ల ఫలితాల్ని బట్టి మారుతుంది. మీకది లేదు, అవసరమూ లేదు. బిగినర్ ఆటకి పేరివ్వండి. మీ చేతి వేగం చూసి మొదటి పది నిమిషాల్లోనే "మీరు బిగినర్ కాదు అంకుల్" అంటారు, అయినా పొంగిపోయి పై స్థాయి ఆటకి దూకొద్దు. చేతి వేగం వేరు, ఈ ఆట తెలియడం వేరు. మీ స్థాయికి మించిన చోట చేరితే మీ పార్ట్‌నర్ ఆ రెండు గంటలూ మీ వైపొచ్చే బంతులకే సరిపోతాడు. వాడూ డబ్బు కట్టే వచ్చాడు.

బాల్ బ్యాడ్మింటన్‌లో ఊలు బంతి నేల తాకకుండా కొట్టాలి కదా. అయిదుగురం నిలబడి గాల్లోనే అందుకోవడం మన ఒంట్లో ఇంకిపోయింది. షటిలూ అంతే. పికిల్‌బాల్‌లో సర్వీస్ బంతి ఒకసారి నేల తాకాకే అవతలివాళ్ళు కొట్టాలి. వాళ్ళు తిప్పికొట్టిన బంతి కూడా మన వైపు ఒకసారి నేల తాకాకే మనం కొట్టాలి. అట్టా రెండు వైపులా ఒక్కోసారి నేల తాకాకే గాల్లో కొట్టే స్వేచ్ఛ. సర్వీస్ చేసినవెంటనే నెట్ వైపు ఉరికే అలవాటు మనకుంది. అట్టా ఉరికితే తిరిగొచ్చే బంతి కాళ్ళ మీదికొస్తుంది, చెయ్యి ఊరుకోదు, గాల్లోనే కొట్టేస్తాం, ఫౌల్. కాబట్టి మీ వైపు సర్వీస్ అయినప్పుడు మీరూ మీ పార్ట్‌నరూ ఇద్దరూ వెనక గీత బయటే ఆగండి.

రెండోది కిచెన్. నెట్‌కి రెండు వైపులా ఏడేసి అడుగుల పట్టీ ఉంటుంది. అందులో గానీ దాని గీత మీద గానీ కాలుంచి గాల్లో బంతి కొట్టకూడదు. బయట నిలబడి కొట్టి, ఆ ఊపుకి లోపలికి అడుగు పడినా పాయింటు పోయినట్టే. బంతి లోపల నేల తాకిందంటే మాత్రం నిక్షేపంగా లోపలికి పోయి కొట్టొచ్చు, కొట్టాక బయటికొచ్చెయ్యండి. స్మాష్ కొట్టి ముందుకి తూలే మన అలవాటుకి ఈ గీత బాగా అడ్డం తగులుతుంది. ఆట అందం కూడా ఇక్కడే ఉంది. నలుగురూ ఆ గీతల వెనక నిలబడి బంతిని మెత్తగా, నెట్ దాటి కిచెన్‌లో పడేట్టు వేసుకుంటూ, ఎవరిది కాస్త పైకి లేస్తుందా అని కాచుకుంటారు. బలం ఉన్న కుర్రాడికి అరవై దాటిన మనిషి సమానంగా నిలబడేది ఆ మెత్తటి ఆటలోనే. నేను ఈ ఆటని ఇంతగా ప్రేమించడానికి కారణం అదే.

మీకు కలిసొచ్చేవీ ఉన్నాయి. నడుము కింద నుంచి చేసే సర్వీస్ మీకు కొత్త కాదు. బంతి ఎవరిదో అరిచి చెప్పే అలవాటు అయిదుగురి ఆటలో వచ్చేసుంటుంది. నెట్ దగ్గిర చేతుల చురుకు ఎటూ ఉంది.

కోర్టు కొలతలు మన డబుల్స్ షటిల్ కోర్టువే, 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. ఈ ఆటని 1965లో అమెరికాలో బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో మొదలుపెట్టినవాళ్ళు అక్కడున్న షటిల్ కోర్టులోనే ఆడారు. కాబట్టి పోయేలోపు కావలిలో మీ కోర్టులోనే సాధన చెయ్యొచ్చు. నెట్‌ని పక్కల 36 అంగుళాలకి, మధ్యలో 34 అంగుళాలకి దించండి. షటిల్ ముందు సర్వీస్ గీత నెట్‌కి ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది, కిచెన్ గీత ఏడు అడుగులకి. అంటే ఆ గీతకి అరడుగు వెనక సుద్దతో ఇంకో గీత గీస్తే చాలు. ఈ అరడుగు సంగతి సింగపూర్ హాళ్ళలోనూ పనికొస్తుంది. అక్కడ ఒకే నేల మీద షటిల్, వాలీబాల్, పికిల్‌బాల్ గీతలు రంగురంగులుగా కలిసి ఉంటాయి. మొదటి గేమ్‌కి ముందు "మన గీత ఏ రంగు" అని అడగడానికి మొహమాటపడొద్దు.

స్కోరు సర్వీస్ చేసేవాడు పైకి చెప్పాలి, మూడు అంకెలు. మన పాయింట్లు, వాళ్ళ పాయింట్లు, మన ఇద్దరిలో సర్వీస్ చేసే నేను మొదటివాణ్ణా రెండోవాణ్ణా అనేది. మొదలయ్యేటప్పుడు సున్నా, సున్నా, రెండు. సర్వీస్ ఉన్నవాళ్ళకే పాయింటు వస్తుంది, 11కి గేమ్, రెండు తేడా ఉండాలి. జనం ఎక్కువుంటే త్వరగా తేలాలని ప్రతి ర్యాలీకీ పాయింటు లెక్కపెట్టే పద్ధతిలో ఆడతారు, ఆ సంగతి ముందే చెబుతారు.

వంతు ఎట్టా వస్తుందో చూడండి. హోస్టు ఉన్న చోట అతనే పేర్లు పిలుస్తాడు. లేనిచోట బ్యాట్లు వరసగా పెడతారు, కంచె దగ్గిరో బెంచీ మీదో. మీ బ్యాట్ ఆఖర్న పెట్టండి, ముందున్న నాలుగు బ్యాట్ల వాళ్ళు తర్వాతి గేమ్‌కి పోతారు. కొన్నిచోట్ల గేమ్ అయ్యాక నలుగురూ దిగిపోతారు. కొన్నిచోట్ల గెలిచిన ఇద్దరూ ఉండి, చెరో వైపుకి విడిపోతారు. ఏ పద్ధతో ఒక గేమ్ సేపు కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. స్నేహితుడి బ్యాట్ పక్కన మీది జరిపి పెట్టడం, వరస దాటడం అక్కడ పెద్ద తప్పు. ఎవరూ గట్టిగా అనరు, కానీ గమనిస్తారు.

మర్యాదలు మనకి తెలిసినవే చాలా వరకు. పక్క కోర్టులో ర్యాలీ నడుస్తుంటే వెనక నుంచి నడవొద్దు. బంతి పక్క కోర్టులోకి దొర్లితే "బాల్" అని గట్టిగా అరవండి. అందరూ ఆపేస్తారు, ఎందుకంటే దొర్లే బంతి మీద కాలేస్తే మడమ పోతుంది. మన వైపు పడ్డ బంతి లోపలో బయటో మనమే చెప్పాలి, సందేహముంటే అవతలివాళ్ళకే ఇచ్చెయ్యాలి. గీత తాకితే లోపలే, సర్వీస్ బంతి కిచెన్ గీత తాకితే మాత్రం ఫౌల్. గేమ్ అయ్యాక నెట్ దగ్గిరికొచ్చి బ్యాట్లు మెల్లగా తాకించి పక్కకి రావాలి. ఇంకొక మాట, అడగకుండా పార్ట్‌నర్‌కి పాఠాలు చెప్పొద్దు. మీరు మాస్టారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నా, ఏమీ అనుకోకండి.

నవంబరంటే మనకిక్కడ తుపాన్ల కాలం, అక్కడా వానలు బాగా పడే రోజులే. ఎక్కువగా మధ్యాహ్నం నుంచి ఉరుములు మెరుపులతో కురుస్తుంది. మెరుపులు విపరీతంగా ఉండే చోటు అది. ఆరుబయట ఆటస్థలాల్లో పిడుగు హెచ్చరిక సైరన్ మోగితే, దీపం వెలిగితే, స్కోరు ఎంతున్నా కప్పు కిందికి పోవాలి. హెచ్చరిక ఆగిందాకా తిరిగి రాకూడదు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాదంతా ఇంచుమించు ఏడింటికి తెల్లారుతుంది, ఏడింటికి చీకటి పడుతుంది. మీ అయిదున్నర ఆట అక్కడ కుదరదు. ఉద్యోగస్తుల ఆటలు రాత్రి ఏడు తర్వాత, అక్కడ కుర్రవాళ్ళెక్కువ. మీకు పనిరోజుల్లో పొద్దున తొమ్మిది, పది గంటల హాలు ఆటలు చూసుకోమంటాను. మీ ఈడువాళ్ళు, ఇంటి దగ్గిరుండే ఆడవాళ్ళు అప్పుడే వస్తారు. తొందరుండదు, ఆట అయ్యాక కాఫీకి కూడా పిలుస్తారు.

మే నెల నెల్లూరు ఎండ చూసినవాళ్ళకి సింగపూర్ వేడి లెక్కలోకి రాదనిపిస్తుంది, ముప్పై ఒకటి, ముప్పై రెండు డిగ్రీలే కదా అని. గాలిలో తేమ అట్టాంటిది, పట్టిన చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. రెండు గేములకొకసారి కూర్చోండి. కుళాయి నీళ్ళు అక్కడ నిక్షేపంగా తాగొచ్చు, సీసా నింపుకోండి, అందులో ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలుపుకోండి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళయితే పోయే ముందే డాక్టరుతో మాట్లాడి పోండి.

దెబ్బల గురించి మాత్రం కఠినంగా చెబుతున్నా. తల మీదుగా పోయే లాబ్ బంతి కోసం వెనక్కి వెనక్కి పరుగెత్తొద్దు. ఈ ఆటలో పెద్దవాళ్ళు మణికట్టో తుంటో విరగ్గొట్టుకునేది ఎక్కువగా అట్టానే. ఒంటిని పక్కకి తిప్పి పరుగెత్తండి, లేకపోతే ఆ పాయింటు వదిలెయ్యండి. నెట్ దగ్గిర కంటికి బంతి తగిలే ప్రమాదమూ ఉంది, ఆటలకి వాడే కళ్ళద్దాలు పెట్టుకోండి. బూట్లు నేల మీద మరకపడని అడుగువి, పక్కలకి కదిలినా మడమ పట్టుకునేవి కావాలి. హాళ్ళలోకి అవి లేకుండా రానివ్వరు. నడకకి వాడే ఎత్తు మడమ మెత్తటి బూట్లతో పక్కకి అడుగేస్తే చీలమండ మెలికపడుతుంది. విజిటర్లకి సింగపూర్ ఆసుపత్రి ఖర్చు చాలా ఎక్కువ. ప్రయాణ బీమా తప్పకుండా తీసుకోండి, ఆటల్లో తగిలే దెబ్బలకి వర్తిస్తుందో లేదో పాలసీలో చదివి మరీ తీసుకోండి.

బ్యాట్ ఉంటే పెట్టెలో పడేసుకోండి, చెకిన్ సామానులో. లేకపోతే దాని కోసం ఇక్కడ ఖర్చు పెట్టే పని లేదు. బిగినర్ ఆటల్లో చాలామంది హోస్టులు బ్యాట్ అరువిస్తారు, ముందు అడిగితే చాలు. నాలుగు ఆటలాడి, రెండు మూడు రకాలు చేతిలో పట్టి చూశాక కొనుక్కుంటే మంచిది కొంటారు. బంతుల్లో ఆరుబయటవి 40 రంధ్రాలవి, హాలువి 26 రంధ్రాలవి. అవి హోస్టే తెస్తాడు. చెమటకి పట్టు జారకుండా రెండు గ్రిప్ చుట్లు మాత్రం తీసుకుపోండి, అక్కడి తేమకి అవి తొందరగా అరిగిపోతాయి.

మీ ఆవిడ గురించి అడిగారు. తప్పకుండా తీసుకుపోండి. చీర కట్టుకుని కుదరదు గానీ పంజాబీ డ్రెస్సు, బూట్లు వేసుకుని ఆడే మన ఆడవాళ్ళని అక్కడ చూశాను. ఆంటీలు ఎక్కువుండే పగటి గుంపులో ఆమెని వేరేగా చేర్పించండి, మీ పార్ట్‌నర్‌గా కాకుండా. భార్యాభర్తలు ఒకే వైపు ఆడితే కొత్తగా నేర్చుకునేవాళ్ళకి స్వేచ్ఛ ఉండదు, తప్పు కొట్టినప్పుడల్లా భర్త మొహం చూస్తుంటారు. కొత్త ఆంటీకి కిచెన్ గీత దగ్గిర నిలబడటం నేర్పడానికి అక్కడి ఆడవాళ్ళు చూపించే ఓపిక నేను మగవాళ్ళ గుంపుల్లో చూడలేదు. 1975 నుంచి సింగపూర్ తెలుగు సమాజం ఉంది, పండగలకీ పలకరింపులకీ వాళ్ళ దగ్గిరికి పోండి. ఆటకి మాత్రం ఇంటి పక్క గుంపే మేలు. నెల రోజుల్లో మళ్ళీ మళ్ళీ కలిసేది వాళ్ళనే.

దీవి ఈ కొస నుంచి ఆ కొసకి మహా అయితే నెల్లూరు నుంచి కావలికి పోయినంత దూరం. అయినా ఆట కోసం గంట ప్రయాణం పెట్టుకోవద్దు. సెంగ్‌కాంగ్, పుంగోల్, హౌగాంగ్, ఈ మూడు పేటల్లోనే వెతకండి. అమ్మాయికి ఇవాళే చెప్పి ఆ చుట్టుపక్కల పగటి ఆటలు నడిపే రెండు మూడు గుంపుల్లో మీ ఇద్దరి పేర్లూ చేర్పించండి. కొన్ని గుంపులు కొత్తవాళ్ళని ఒప్పుకోవడానికి సమయం తీసుకుంటాయి. మీరు చెన్నైలో విమానం ఎక్కేలోపు ఆ పని అయిపోవాలి. దిగిన మర్నాడు ఆడొద్దు, నిద్ర సరిపోని ఒంటితో కోర్టులోకి దిగకూడదు. ఆ సాయంత్రం బ్లాకు కిందికి పోయి ఊరికే చూసి రండి, నెట్ ఎవరు తెస్తున్నారో గుర్తుపట్టండి. ఆ తర్వాతి రోజు బూట్లేసుకుని పోండి.